ఊపిరి గొట్టానికి ధూపం

గురువారం తెల్లవారుజామున ఖల్ఫాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నమాజు కాగానే, ఇసుక ఇంకా చల్లగా ఉండగానే పికప్‌ను ఒక్కసారి కొండ ఎక్కించి దింపాలి. ఇంటికొచ్చి వేడి రొట్టె, తేనె తినాలి. మర్నాడు శుక్రవారం అసలు పోటీ. ఎడారి ఊరైన బిదియాలో బండి ఉన్న ప్రతివాడూ ఆ ఇసుక కొండ పాదం దగ్గరికి ఎక్కడానికి చేరతాడు, లేనివాడు నవ్వడానికి చేరతాడు.

అతని భార్య మౌజా పథకం ఇంకా చిన్నది. ఖల్ఫాన్ కొండ ఎక్కాలి, అంతే. పోయిన ఏడు కొండ నడుమ ఆగిపోయాక అతను పదిమందిలో నోరు జారాడు. "వచ్చే ఏడూ ఎక్కకపోతే బండి అమ్మేసి ఒంటెలు కొంటా" అన్నాడు. పొరుగింటి ముసల్లమ్‌కు పందెపు ఒంటెలున్నాయి. ఆ ఇంట్లో నెయ్యి, తేనె, మేలురకం ఖర్జూరం ముందు ఒంటెలకు, మిగిలితే పిల్లలకు. ఒకసారి ఒంటెకు జలుబు చేస్తే ముసల్లమ్ భార్య కప్పుకున్న దుప్పటి లాగి దానికి కప్పారు. మౌజాకు తన దుప్పటంటే ఇష్టం.

అందుకే, టర్బో బిగించి ట్యూనింగ్ చేయించి తెచ్చిన రోజు నుంచీ ఆమె తన వంతు సాయం చేస్తూనే ఉంది. ఖల్ఫాన్ ఇంజిన్‌ను వేడెక్కనిచ్చి లోపల కాఫీ తాగే వేళకు, ధూపపు కుంపటిలో సాంబ్రాణి లాంటి లుబాన్ బంక పలుకులు నాలుగు వేసి, బండి పక్కన పైకి లేచి ఉన్న, ఇంజిన్‌కు గాలి పీల్చే ఊపిరి గొట్టం మూతి దగ్గర పట్టుకునేది. ఇంటికొచ్చిన మనిషికి ధూపం గడ్డం దగ్గర పడతాం కానీ కాళ్ళ దగ్గర పట్టం కదా! బండికి గడ్డం ఎక్కడుందో ఆమె బాగా ఆలోచించే తేల్చుకుంది. బండి ఆ పొగను ప్రాణానికి హాయిగా పీల్చుకునేది. చేసిన మంచి చెప్పుకుంటే ఫలం పోతుందని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఖల్ఫాన్ అరగంటలో తిరిగొచ్చాడు. రొట్టె వైపు చూడలేదు.

"ఏమైంది జహ్రాన్ వాళ్ళ నాన్నా?"

"పోయిన వారం ముప్పావు కొండ ఎక్కింది. ఇవాళ సగంలోనే చతికిలబడింది. నల్లపొగ లేదు, చప్పుడు లేదు, ఊపూ లేదు. ముసలి గాడిద నయం."

దిష్టి, అనుకుంది మౌజా. మెకానిక్ అయిన తన తమ్ముడు సుహైల్‌కు ఫోన్ చేసి, ఆపైన కుంపటిలో పలుకులు రెట్టింపు చేసింది.

సుహైల్ వచ్చి గొట్టాలన్నీ తడిమి, టర్బో దగ్గర వదులైన క్లిప్పు ఒకటి బిగించాడు. "గాలి ఇక్కడ కారిపోతోంది బావా. ఇక చూడు, ఎగురుతుంది." ఇంజిన్ వేడెక్కేలోగా మౌజా తన పని తాను చేసింది. బండి ఎగరలేదు. ఈసారి పావు కొండ దగ్గరే ఆగింది.

ఈలోగా ఊరికి తెలిసిపోయింది. బండికి జబ్బు చేస్తే పరామర్శకు రాకపోవడం బిదియాలో మర్యాద కాదు. వచ్చినవాళ్ళకు పళ్ళు, ఖర్జూరం, కాఫీ ఇచ్చి, కుశలాలు వరసగా అడిగి, వాళ్ళు కప్పు ఊపి చాలనేదాకా ఇంటాయన లేచి వెళ్ళడమూ మర్యాద కాదు. ఖల్ఫాన్ ఒక కన్ను అతిథుల మీద, ఒక కన్ను కిటికీలోంచి బానెట్ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"డీజిల్‌లో నీళ్ళు కలిసుంటాయి" అన్నాడొకాయన. డీజిల్ ఫిల్టర్ మార్చారు.

"కాదు కాదు, టర్బో రెక్కలు అరిగుంటాయి" అన్నాడు ఇంకొకాయన. టర్బో విప్పి, రెక్కలు నిక్షేపంగా ఉన్నాయని చూసి, మళ్ళీ బిగించారు. విప్పిన సామానంతా మౌజా కొత్త చాప మీద పరిచారు. వచ్చిన ప్రతివాడూ "అబ్బ, ఏం బండి!" అన్నాడే కానీ, దిష్టి తగలకుండా ఒక్కడూ దేవుడి పేరెత్తలేదు. మౌజా మనసు మండిపోయింది. సలాలా నుంచి తెప్పించి పెళ్ళిళ్ళకని దాచిన ఆకుపచ్చ లుబాన్ పొట్లం విప్పింది.

భోజనం వేళకు ముసల్లమ్ వచ్చాడు. ఒంటెతో సహా వచ్చాడు.

"తొందరేం లేదు ఖల్ఫాన్. ఊరికే చూస్తావని తెచ్చా. దీని తల్లి ఒక్క పందెం ఓడలేదు."

"రేపటిదాకా ఆగలేవూ?"

"నేను ఆగుతా. ఇదే ఆగేట్టు లేదు." ఒంటె అప్పటికే మౌజా నిమ్మచెట్టు కొమ్మ ఒకటి నమిలి, రెండోదాని రుచి చూస్తోంది.

అతిథుల్ని లోపల భోజనానికి కూర్చోబెట్టి, ఖల్ఫాన్ పెరట్లోకి పరుగెత్తాడు. సుహైల్ బండికి తగిలించిన కంప్యూటర్ వైపు కళ్ళు చిట్లించి చూస్తున్నాడు.

"ఇంజిన్‌కి గాలి సగమే అందుతోందని చెప్తోంది బావా. గాలిని కొలిచే సన్నతీగ ఒకటుంటుంది. అది తక్కువని చెప్తే కంప్యూటర్ డీజిల్ కూడా తక్కువే పోస్తుంది. కానీ గొట్టంలో అడ్డమేమీ లేదు." ఆ తీగ విప్పి చూపించాడు. దాని మీద బంగారు రంగు జిగురు గట్టిగా పట్టి ఉంది. "ఇది దానంతట అది రాదు. నువ్వు మోజుపడి పెట్టించిన ఆ జల్లెడ ఫిల్టర్ దేన్నీ ఆపదు కూడా. ఎవరో ఏదో పోశారు."

ఖల్ఫాన్ ఆ ఒక్క మాటా పట్టుకుని లోపలికి వెళ్ళాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా ముసల్లమ్ ముందు నిలబడ్డాడు.

"నా బండిలో ఎవరో చెయ్యి పెట్టారు. నేను ఓడిపోతే ఒంటె అమ్ముకునేది ఎవరో!"

ముసల్లమ్ అన్నం ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు. "నీ ఉప్పు తింటున్న చోట నన్ను దొంగనంటావా?"

మిగతావాళ్ళూ తినడం ఆపేశారు. తండ్రుల నాటి పొరుగు. తలుపవతల మౌజాకు అంతా వినబడుతోంది. మాట్లాడకపోతే ఒంటె బేరం పోతుంది. మాట్లాడకపోతే పొరుగూ పోతుంది. ఆమె నిమ్మచెట్టును ఒకసారి తలుచుకుంది. తర్వాత తలమీద ముసుగు సర్దుకుని గదిలోకి వచ్చేసింది. కంగారులో చేతిలోని కుంపటి కింద పెట్టడం మరిచిపోయింది.

"ఆయన్నేం అనకండి. బండి జోలికి వెళ్ళింది నేనే. రోజూ ఇంజిన్‌కి ధూపం వేస్తున్నది నేనే. అసలు సంగతేంటంటే..."

అసలు సంగతి ఎవరూ వినలేదు. ధూపం వచ్చాక కూర్చోవడం మర్యాద కాదు. అతిథుల్ని సాగనంపే వేళకే ధూపం తెస్తారు. కుంపటిని చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. ఒక్కొక్కరే గడ్డానికి పొగ పట్టించుకుని, దీవించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ముసల్లమ్ కూడా కోపం మరిచి పొగ పట్టించుకున్నాడు. "పొరపాటు నాది, తమ్ముడి కింద లెక్కేసుకుని మన్నించు" అని ఖల్ఫాన్ అతని నుదుటి మీద ముద్దు పెట్టుకుంటే, "సరేలే, ఇంత మంచి లుబాన్ నా ఒంటెకూ వేయను" అంటూ ఒంటెను తోలుకుపోయాడు.

గదిలో మిగిలింది మొగుడూ పెళ్ళామూ, తలుపు దగ్గర తీగ పట్టుకున్న తమ్ముడూ.

"అక్కా," అన్నాడు సుహైల్ తీగ వాసన చూసి, "నువ్వు రేపు బావను కొండ ఎక్కనివ్వకూడదనుకుని వేశావా?"

"ఎక్కాలనే వేశాను!"

ఖల్ఫాన్ ఆమె కళ్ళలోకి చూసి అడిగాడు. "మంచి రకమే వేశావా?"

"పెళ్ళిళ్ళది."

అతనికి నవ్వొచ్చింది. మౌజా లోపలికెళ్ళి అత్తగారి షుగరు ఇంజక్షన్లకు వాడే స్పిరిట్ సీసా తెచ్చింది. దూది ఆనిస్తే తీగ తెగుతుందని సుహైల్ సీసాలోంచి చుక్కచుక్కగా పోశాడు. జిగురు కరిగి కారిపోయింది. తీగ ఆరాక బిగించి, సాయంత్రం బండిని ఊరి చివరి ఇసుకమిట్ట మీదికి వదిలితే, అది అరుచుకుంటూ అవతలికి దూకేసింది. ఆ అరుపు ఊరంతా విన్నది. మధ్యాహ్నం ధూపం సంగతి విన్నవాళ్ళు మరీ శ్రద్ధగా విన్నారు. చీకటి పడేలోగా బజారులో లుబాన్ అయిపోయింది.

శుక్రవారం సాయంత్రం కొండ కింద ఇంజిన్లు కదిలేసరికి గాలంతా పెళ్ళింటి వాసన. మొదటి బండి సగంలో ఆగింది. రెండోది అక్కడిదాకా కూడా పోలేదు. మూడోది బయలుదేరిన చోటే దగ్గింది. ఎవరికి వాళ్ళు డీజిల్‌లో నీళ్ళున్నాయన్నారు. ఖల్ఫాన్ బండి ఒక్కటే వాళ్ళందరి పక్కనుంచీ ఇసుక చిమ్ముకుంటూ శిఖరం దాకా పోయి ఆగింది. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న మౌజా కేకలు వేయలేదు. ముసుగు కింద మాత్రం చాలాసేపు నవ్వింది.

మర్నాడు ఊరి ఆడవాళ్ళంతా ఆమె ఇంటికొచ్చారు. "నిజం చెప్పు తల్లీ, ఏ రకం వేశావు? ఎంతసేపు పట్టావు?"

మౌజా అందరికీ కాఫీ పోసి, లుబాన్ జిగురు తీగకు పట్టడం, స్పిరిట్‌తో కడగడం, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళు శాంతంగా విని, కప్పులు ఊపి, ఇంత దాపరికం మనిషిని ఎక్కడా చూడలేదనుకుంటూ వెళ్ళిపోయారు.