జీతంతో కూడిన జాగ్రత్త

"ఎన్నిసార్లు చెప్పాలి, సస్పెన్షన్ శిక్ష కాదు. ముందు జాగ్రత్త," అన్నాడు జ్వెలాఖే.

"అయితే జాగ్రత్తగానే ఆ చెత్తబుట్ట బయట పెట్టు, రదేబె," అంది నోలూవో. భర్తను వంశం పేరుతో పిలవడం వాళ్లలో మర్యాద. ఆమె గొంతులో మాత్రం మర్యాద పాలు తక్కువ.

"ఎలా పెడతాను? గేటు అవతల మునిసిపాలిటీ స్థలం. అందులో అడుగు పెట్టకూడదని ఉత్తర్వు."

"చిన్నప్పుడు బడి కూడా ఇంత చట్టబద్ధంగానే ఎగ్గొట్టేవాడు," అంది అత్తగారు, బఠానీలు వొలుస్తూ.

జ్వెలాఖే ఆ ఊరి నీటి సరఫరా డైరెక్టర్. కుళాయిల్లో నీళ్లెందుకు రావడం లేదో విచారించాలని కౌన్సిల్ తీర్మానించింది. చట్టం మహా మర్యాదస్తురాలు. మిమ్మల్ని సస్పెండ్ చేద్దామనుకుంటున్నాం, మీరేమంటారు, అని ఏడు రోజుల గడువిచ్చి అడిగింది. ఆయన ఆఫీసులో ఉంటే సాక్షులు జంకుతారని పూర్తి జీతంతో ఇంటికి పంపింది. ఆఫీసు వేళల్లో అందుబాటులో ఉండమంది కాబట్టి ఆయన సూటూ టైతో సోఫాలో అందుబాటులో ఉంటున్నాడు.

నోలూవో గరాజులో జడలల్లే సెలూన్ నడుపుతుంది. తలలు కడగడానికి ఊరందరిలాగే ట్యాంకరు నీళ్లు కొనేది. ట్యాంకర్లు ఆమె మరిదివి. అన్న నీళ్లివ్వలేని ప్రతి వీధికీ తమ్ముడు ఇచ్చేవాడు. అంత సఖ్యత గల అన్నదమ్ములు ఆ చుట్టుపక్కల లేరు.

సస్పెన్షన్ మొదలైన కొద్ది రోజులకే కుళాయి దగ్గింది, ఎర్రనీళ్లు ఉమ్మింది, ఆపైన ధార కట్టింది. తాత్కాలిక డైరెక్టరుగా వచ్చిన సివివే అనే ఇంజనీరు, పాపం అనుభవం లేని పిల్ల, కొండ మీద పెద్ద వాల్వు మూసి ఉండటం చూసి తెరిచేసింది.

నోలూవో సెలూన్లో కొత్త కుర్చీలు వేసింది. పాటలు కూడా పాడుతోంది.

మేయర్ గారు పరుగున వచ్చారు. "ఘోరం! నీళ్లొస్తున్నాయి."

"మంచిదేగా?" అంది నోలూవో.

"ఏం మంచిదమ్మా? నీళ్లు రావడం లేదన్నది కదా కేసు! దర్యాప్తు వాళ్లు ఏ కుళాయి తిప్పినా నీళ్లే. సాక్ష్యమంతా కొట్టుకుపోతోంది."

"వాల్వు మూయించండి," అన్నాడు జ్వెలాఖే.

"ఇప్పుడు మూస్తే జనం నన్ను బతకనిస్తారా? ఆ పిల్లనే సస్పెండ్ చేశాం. ఆమె ఉంటే విచారణకు అడ్డం. పూర్తి జీతంతోనే లెండి, అన్యాయం చెయ్యం."

"చట్టప్రకారమేనా?"

"అక్షరాలా!"

ఆ తర్వాత విచారణకు ఎవరు అధ్యక్షత వహించాలన్న విషయం మీద కౌన్సిల్ ఎన్నోసార్లు సమావేశమై, టీ తాగి, వాయిదా పడింది. మూడు నెలల్లో విచారణ మొదలవకపోతే సస్పెన్షన్ దానంతటదే రద్దు. మొదలవలేదు. రద్దయింది. చట్టానికి ఎక్కడా చిన్న గీత పడలేదు.

శుక్రవారం రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నారు. మొక్కజొన్నలూ చిక్కుడు గింజలూ కలిపి ఉడికించిన గిన్నె మధ్యలో ఉంది.

"సోమవారం డ్యూటీలో చేరుతున్నాను. తమ్ముడు అప్పుడే ఫోన్ చేసి అభినందించాడు," అన్నాడు జ్వెలాఖే, గొంతు సవరించుకుని.

నోలూవో అత్తగారికి వడ్డించింది, కూతుళ్లిద్దరికీ వడ్డించింది, గరిటె గిన్నెలో పెట్టింది.

"సోమవారం నుంచి సెలూన్ మూసేస్తున్నాను," అంది నెమ్మదిగా.

జ్వెలాఖే కళ్లు చెమర్చాయి. "నా కోసం అంత గౌరవం ఎందుకు, నోలూవో?"

అత్తగారు లేచి, ఇంట్లో ఉన్న డ్రమ్ములన్నీ ఒక్కొక్కటిగా కుళాయి కిందికి దొర్లించసాగింది.