పై బొత్తాం

మా అన్నయ్య పాండురంగారావు పోయిన రోజున, వదిన ఆయన చేతి వాచీ విప్పి మా ఆవిడ మంగతాయారు చేతిలో పెట్టింది. అన్నయ్య కైకలూరులో డ్రిల్లు మేష్టారు. పిల్లల పరుగు పందాలకు కాలం కొలిచే వాచీ అది. పై బొత్తాం నొక్కితే పెద్ద ముల్లు బయలుదేరుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. కింద బొత్తాం నొక్కితే పన్నెండు మీదకు పోయి నిలబడుతుంది. అది తిరిగిన నిమిషాలు లెక్కపెట్టడానికి ఒక చిన్న ముల్లుంది, అరగంటకు ఒక చుట్టు. టైము చూపే ముళ్ళు వేరు.

మంగతాయారు రోజూ పొయ్యి రాజేసే ముందు దానికి కీ ఇచ్చేది. బొత్తాల జోలికి పోయేది కాదు. పెద్ద ముల్లు నాలుగు మీదే ఆగి ఉండేది. ఆడించడం తెలియదు కాబోలని, లెక్కల మేష్టారిని గనక, జాలిపడ్డాను.

ఆవిడ సాయంత్రాలు పాలు కాచి దించి, తోడు కోసం పక్కింటి మణెమ్మగారి గోడ దగ్గరకు వెళుతుంది. “ఇప్పుడే వస్తానండీ” అంటుంది. ఆ ఇప్పుడేలో మా బళ్ళో ఒక పాఠం పూర్తవుతుంది. చెబితే ఒప్పుకోదు. సాక్ష్యం కావాలి.

ఒకనాడు ఆవిడ అటు వెళ్ళగానే వాచీ తీశాను. కింద బొత్తాం నొక్కి ముల్లును పైకి పంపాను. పై బొత్తాం నొక్కి కూర్చున్నాను. మధ్యలో పిల్లి వచ్చి పాలు తాగింది. చూపు తిప్పితే కొలత తప్పుతుందని అదిలించలేదు.

ఆవిడ వచ్చింది. ముల్లు ఆపి వాచీ చూపించాను. ఆవిడ గిన్నె చూసింది.

“పాలేవండీ?”

“పిల్లి తాగింది.”

“మీరో?”

“వాచీ చూస్తున్నాను.”

అప్పుడు వాచీ అందుకుంది. “ముల్లు నాలుగు మీద ఉండాలి కదండీ?”

“దాన్ని పైకి పంపకుండా ఎలా కొలుస్తానే?”

ఆవిడ పీట మీద కూర్చుంది. అన్నయ్య ఆఖరుసారి మా ఇంటికి వచ్చినప్పుడు, నేను నూతి దగ్గరకు స్నానానికి వెళ్ళగానే పై బొత్తాం నొక్కారట. నేను తుడుచుకుంటూ వచ్చాక ఆపారట. నిమిషాలు చూపే చిన్న ముల్లు ఒక చుట్టు పూర్తిచేసి రెండోది మొదలుపెట్టిందట.

“‘ఈ వాచీని ఓడించినవాడు మా తమ్ముడొక్కడేనమ్మాయ్. దీన్ని చెరపను. ఆలస్యమని వాడు నిన్నంటే ఆ రోజు చూపిద్దాం’ అన్నారు బావగారు. మీరు వాచీ పట్టుకు కూర్చోవడం గోడ మీంచి చూశానండీ. ఇవాళ చూపిద్దామనే వచ్చాను.”

“మొత్తం ఎంతయిందట?” అన్నాను.

“లెక్క నాకెందుకండీ? ముల్లుందో లేదో చూసుకునేదాన్ని.”

కింద బొత్తాం నొక్కి, నా సాక్ష్యాన్ని కూడా చెరిపేసింది. రేపు నేను స్నానానికి వెళితే తనే కొలుస్తానంది.

మర్నాడు నూతి దగ్గర కావాలనే ఇంకాస్త ఆలస్యం చేశాను. వచ్చేసరికి ఆవిడ వాచీ చేతిలో పట్టుకునే ఉంది. ముల్లు పన్నెండు మీదే ఉంది. “బావగారు నొక్కిన బొత్తాం కదండీ, వేలు పోలేదు” అంది.

కీ రోజూ ఇస్తున్నాం. పై బొత్తాం ఇంకా నొక్కలేదు.