కేసు లేని నాయకుడు

ప్రతిపక్షంలో ఉన్న అయిదేళ్లూ రోడ్డెక్కి కేసులు మోసిన కార్యకర్తలకే నామినేటెడ్ పదవులు ఇస్తామని జగ్గయ్యపేట ఫంక్షన్ హాల్లో పార్టీ ప్రకటించింది. దరఖాస్తుకు ఎఫ్ఐఆర్ కాపీ జత చేయాలి. కాపీ లేని త్యాగాన్ని త్యాగంగా పరిగణించరు. ఆ సాయంత్రం జిరాక్సు షాపుల ముందు నిలబడ్డ జనాన్ని చూస్తే, ఇంతమంది ముద్దాయిల మధ్య ఇన్నాళ్లూ బతికామా అని ఎవరికైనా గర్వం కలుగుతుంది.

మర్నాడు పొద్దున్నే ఒక పెద్దమనిషి రోజారమణి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఎందుకొచ్చాడో తెలియాలంటే ముందు ఆమె చేసిన నేరం తెలియాలి.

రోజారమణి కూలి పనులకెళ్లే ఆరోగ్యమ్మ కూతురు. బీఈడీ చదివింది. రెండేళ్ల కిందట పరీక్ష రాయడానికి విజయవాడ బస్సెక్కితే, చిల్లకల్లు దగ్గర హైవే మీద రాస్తారోకో జరుగుతోంది. గంట సేపు ఓపిక పట్టింది. ఇక లాభం లేదని దిగి వెళ్లి, దారి వదలమని అందరినీ పేరు పేరునా బతిమాలింది. అంతలో పోలీసు జీపు వచ్చింది. జెండాలు పట్టుకున్నవాళ్లు పత్తిచేలల్లోకి దిగి మాయమైపోయారు. కానిస్టేబుల్ నోటుబుక్కు తీసి, ఎవరైనా పేరు చెప్పండని అడిగాడు. బస్సుల్లోవాళ్లు మొహాలు అటు తిప్పుకున్నారు. రోజారమణి ఒక్కతే, ఫిర్యాదు రాసుకుంటున్నాడు కాబోలనుకుని, పేరు, ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరు చెప్పి, అడగకపోయినా పిన్‌కోడు కూడా చెప్పింది. చదువుకున్నవాళ్లు మాత్రమే చేయగలిగిన పొరపాటు ఇది.

ఛార్జిషీటులో ఏ1గా ఆమె పేరు వచ్చింది. మిగతావాళ్లు గుర్తు తెలియని వ్యక్తులు. దారి అడ్డగించడం ఒక నేరం, చట్టవిరుద్ధంగా గుమికూడటం ఇంకో నేరం. గుమికూడటానికి చట్ట ప్రకారం కనీసం అయిదుగురు ఉండాలట. పేర్ల వరకు చూస్తే రోజారమణి ఒక్కతే గుమికూడింది.

తర్వాత మళ్లీ పరీక్ష రాస్తే ఇప్పుడు ఆమెకు టీచరుద్యోగం వచ్చింది. పోలీసు వెరిఫికేషన్‌లో కేసు బయటపడింది. నెలాఖరులోగా కేసు కొట్టేసినట్టు కాగితం తేకపోతే పోస్టు తర్వాతి అభ్యర్థికి పోతుందని ఆఫీసులో చెప్పారు. ఆ రోజు నుంచీ ఆరోగ్యమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. రోజారమణికి భయం కన్నా కోపం ఎక్కువగా ఉంది. ఆ పరీక్ష కూడా ఆ రోజు రాయలేకపోయింది మరి.

నందిగామలో లాయరు మోజెస్ గారు చాలా ఓపిగ్గా ఆమెకున్న హక్కులన్నీ వివరించారు. తప్పు ఒప్పుకుని జరిమానా కడితే ఒక్క పూటలో కేసు పోతుంది, దాంతోపాటు ఉద్యోగమూ పోతుంది. హైకోర్టుకు వెళ్లవచ్చు, నెలాఖరులోగా తేలుతుందని మాత్రం ఎవరూ చెప్పలేరు. ప్రభుత్వమే కేసు ఉపసంహరించుకోవచ్చు. కాకపోతే ఆ ఉపసంహరణ జాబితాలో చేరాలంటే ఉద్యమంలో పాల్గొన్నానని స్వయంగా రాసివ్వాలి. పాల్గొనలేదన్నదే కదా ఆమె మొర. ఇక మిగిలింది, ఆ రోజు జరిగింది చూసిన మనిషిని తెచ్చి సాక్ష్యం చెప్పించడం. బస్సులో ఉన్నవాళ్లెవరూ రామన్నారు.

సరిగ్గా అప్పుడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన ఆ పెద్దమనిషే వీరేంద్ర. ఆ రాస్తారోకో నడిపిన మహానుభావుడు ఆయనే. అయిదేళ్లలో నలభై ధర్నాలు చేశాడు. జీపు కనపడ్డాక నిలబడ్డ ధర్నా ఒక్కటీ లేదు. అంత చురుకైన మనిషి కాబట్టే ఆయన పేరు ఏ స్టేషన్లోనూ ఎక్కలేదు.

"చెల్లెమ్మా, నాకు ఒక్క కేసన్నా లేదమ్మా. మా ఎదురింటోడికి మూడున్నయ్. బయట తలెత్తుకోలేకపోతున్నా," అన్నాడు.

"నాది తీసుకోండన్నా," అంది రోజారమణి.

ఇద్దరికీ ఒకేసారి దారి దొరికింది. ఆ రోజు దారి ఆపింది తానేనని వీరేంద్ర కోర్టులో చెబుతాడు. ఆమె బయటపడుతుంది. కోర్టు సీలున్న ఆ వాంగ్మూలాన్ని ఆయన దరఖాస్తుకు జత చేసుకుంటాడు. ప్రమాణం చేసి అలా చెబితే మీ మీద కేసు పెట్టే వీలుందండి అని మోజెస్ గారు హెచ్చరించారు. ఎన్నాళ్లలో పెడతారండి అని వీరేంద్ర ఆత్రంగా అడిగాడు.

మూడు రోజులు రిహార్సలు జరిగింది. ఈ పిల్ల పరీక్షుందని ఏడుస్తుంటే కూడా తాను దారి వదల్లేదని ఆయన చెబుతుంటే ఆరోగ్యమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ రాత్రి కడుపునిండా తిన్నది కూడా. రోజారమణికి జీవితంలో మొదటిసారి ఒక రాజకీయ నాయకుడి మీద గౌరవం కలిగింది. కలిగినందుకు కొంచెం సిగ్గుపడింది.

వాయిదా రోజు వీరేంద్ర ఇస్త్రీ ఖద్దరులో, ఇరవైమంది అనుచరులతో, ఒక గజమాలతో నందిగామ వచ్చాడు. వరండాలో ఉండగా ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. అనుచరులు గజమాల అక్కడే వేసేశారు. రోడ్డు భద్రతా సలహా సంఘానికి అధ్యక్షుడు కావాలట. రోడ్డు భద్రత కాబట్టి, ఒక్క కేసు కూడా లేనివాణ్ణి పార్టీ రెండు రోజులుగా గాలిస్తోందట. నియోజకవర్గం మొత్తానికి ఆయనొక్కడే దొరికాడు.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఆయన మాల తీసి అనుచరుడికిచ్చి, వెళ్లి బోనెక్కాడు. ఆ రోజు దారి ఆపింది ఎవరని మోజెస్ గారు అడిగారు.

వీరేంద్ర రోజారమణి వైపు జాలిగా చూశాడు.

"నేను బస్సులో ఉన్నానండి. పరీక్షకెళ్లే పిల్లలున్నారు, దారొదలమ్మా అని దిగొచ్చి ఈ చెల్లెమ్మని బతిమాలానండి. ఎంత చెప్పినా విన్లేదండి."

మేజిస్ట్రేటు గారు అక్షరం పొల్లుపోకుండా రాయించారు. ప్రభుత్వ న్యాయవాది తనకు ప్రశ్నలేమీ లేవన్నారు.

రోజారమణి బయటికొచ్చింది. ఆరోగ్యమ్మ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. కూతురి అడుగుల చప్పుడు విని లేచింది.

"బాగా చెప్పాడా అమ్మా?"

"చాలా బాగా చెప్పాడమ్మా. ఎక్కడా తడబడలేదు," అంది రోజారమణి.