కడుపు కాగితాలు

ఆ రోజు ఉదయం కంప్యూటరమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఆఫీసుకు చేరాలి. అరగంటలో వేలం వెబ్‌సైటుకున్న కన్నం పూడ్చాలి. పదింటికి వేలం మొదలవుతుంది. సాయంత్రం అయిదింటికి యజమానీ, సంస్థలో సగం వాటా ఉన్న ఆయన అక్కగారూ ఆమె ఉద్యోగాన్ని పర్మనెంటు చేస్తూ సంతకాలు పెడతారు. ఇంట్లో డిగ్రీ అందుకున్న మొదటి మనిషి ఆమె. లారీ నడిపే వాళ్ళ నాన్న ఆ సంతకాలు పడేదాకా ఆగలేదు. వీధిలో ఎదురైన ప్రతివాడినీ ఆపి "మా అమ్మాయిది పర్మనెంటయిపోయింది" అని చెప్పేశాడు. ఇప్పుడా మాట వెనక్కి తీసుకోవాలంటే ఇల్లు మారడం ఒక్కటే దారి.

అది పాత ఇంటి సామాన్లు వేలం వేసే సంస్థ. ముందు గదిలో నాలుగు బల్లలు, వెనక గోడౌను. యజమానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి వస్తువుకూ రెండు కాగితాలు రాయించేవాడు. మొదటిది మొహం కాగితం. అది వెబ్‌సైటులో జనం చూడటానికి. "పాతకాలపు గోడ గడియారం, హుందాతనం ఉట్టిపడే పనితనం." రెండోది కడుపు కాగితం. అది ఆఫీసు వాళ్ళకు మాత్రమే. "ఎడమవైపుకి ఒరిగితేనే నడుస్తుంది." కొన్నవాడు రేపొచ్చి పోట్లాడితే ఏం జవాబు చెప్పాలో ముందే తెలిసి ఉండాలని ఆయన ఉద్దేశం. కడుపు కాగితాలు రాసే పని కంప్యూటరమ్మాయికి అప్పగించాడు. ఆమెకు అబద్ధం రాయడం చేతకాదని మొదటి వారంలోనే కనిపెట్టాడు.

ఇక కన్నం సంగతి. వెబ్‌సైటును నడిపే ప్రోగ్రామును యజమాని బావమరిది ఎక్కడి నుంచో ఉచితంగా తెచ్చి పెట్టాడు. అది ఎవరు ఏ ఫైలు పేరు చెప్పి అడిగినా "నువ్వెవరు" అనకుండా తీసి చేతిలో పెట్టేది. పేజీ పైన కనిపించే అడ్రసులో చివరి ముక్క చెరిపేస్తే ఇంకాస్త మర్యాద చేసి, ఆ అరలో ఏమేం ఉన్నాయో జాబితా మొత్తం ముందు పరిచేది. మొహం కాగితాలూ, కడుపు కాగితాలూ, ఆఫీసులో పుట్టిన ప్రతి ఫైలూ ఆ ఒక్క అరలోనే ఉన్నాయి. వెతుక్కునే పని లేకుండా అన్నీ ఒక్కచోటే ఉండాలన్నది యజమాని రెండో పద్ధతి.

ఈ మాట ఆమె ఆయన చెవిన నాలుగుసార్లు వేసింది. నాలుగుసార్లూ ఒకటే జవాబు.

"మన చెక్కబీరువాల కడుపులో ఏముందో చూడ్డానికి ఎవడు పనిమానుకుని కూర్చుంటాడమ్మా?"

అయిదోసారి, నిన్న, విసుగుపుట్టి "సరే, రేపు పొద్దున్నే చూడు" అన్నాడు.

ఎనిమిదింటికి ఆమె కంప్యూటరు ముందు కూర్చుని పాస్‌వర్డు కొట్టింది. తప్పంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పంది. మూడోసారి ఒక్కొక్క అక్షరమే, వేలితో పొడుస్తున్నట్టు కొట్టింది.

"మార్చేశాంగా" అన్నాడు యజమాని టీ ఊదుకుంటూ. "నువ్వు అన్నిసార్లు భయపెడుతుంటే నిన్న సాయంత్రం మా బావమరిదికి చెప్పా. తాళం మార్చిపారేశాడు. ఇక దొంగ కాదు కదా, దోమ కూడా దూరదు."

"సార్, ఇప్పుడు దూరాల్సింది నేనే!"

"అయితే వాడికి ఫోన్ చెయ్యి. అంత గాభరా దేనికి?"

బావమరిది ఫోను పళ్ళ డాక్టరు దగ్గరుండే నర్సు ఎత్తింది. "ఆయన నోరు తెరుచుకుని ఉన్నారండీ. మాట్లాడలేరు."

"ఇంకా ఎంతసేపు పడుతుందండీ?"

"రెండు పళ్ళండీ. మొదటిదే ఇంకా కదల్లేదు."

తలుపులన్నీ బార్లా తీసి ఉన్న ఇంటికి కంప్యూటరమ్మాయి ఒక్కతే బయట నిలబడిపోయింది. వేలం ఓ గంట ఆపుదామని అడిగింది. పది అంటే పదేనన్నాడు యజమాని. ఆమె కూర్చుంది, లేచింది, నీళ్ళు తాగింది, గ్లాసు పక్క బల్ల మీద పెట్టి మళ్ళీ అదే గ్లాసు కోసం వెతికింది. పది కొట్టింది.

పదింపావుకు ఆఫీసు ఫోను మోగింది. లెక్కల మాస్టారు. రిటైరయ్యాక ప్రతి వేలానికీ వస్తారు, ఏమీ కొనరు, అన్నిటికీ కారణాలు అడుగుతారు.

"అమ్మా, పదిహేడో నంబరు గడియారం. ఎడమవైపుకి ఒరిగితే నడుస్తుందని రాశారు. ఎన్ని డిగ్రీలు?"

"అది ఎక్కడ చదివారు మాస్టారూ?"

"మీ సైటులోనే. పదిహేడు అయ్యాక పద్దెనిమిది చూద్దామని పైన అంకె మార్చబోయి మొత్తం చెరిపేశాను. లావు వేళ్ళు కదా. చక్కగా జాబితా వచ్చింది. ఎంత నిజాయితీగా పెట్టారమ్మా! అన్నట్టు, కొనేవాళ్ళ అడ్రసుల ఫైల్లో మా ఇంటి నంబరు తప్పు పడింది. దిద్దుకోండి."

"మాస్టారూ, అవన్నీ మీరు చూడకూడనివి!"

"అలాగా? ఆ ముక్క పైన రాసి పెట్టాలి కదమ్మా. పొద్దున నాతో నడిచే వాళ్ళందరికీ ఇప్పుడే చెప్పాను."

గడియారం గుట్టు బయటపడిందని వినగానే యజమాని కుర్చీలోంచి లేచాడు. "లోపలి మనిషే!" అన్నాడు. ఆ సమయానికి లోపల ఉన్నది, గోడౌనులో అద్దానికి గడ్డి చుడుతున్న ప్యాకింగాయన ఒక్కడే. యజమాని వెళ్ళి గోడౌనుకు బయటినుంచి తాళం వేసి వచ్చాడు. తర్వాత ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఫోన్లన్నీ ఇందులో వెయ్యండి."

"సార్, చెబుతున్నది మనిషి కాదు, వెబ్‌సైటు."

"దానికి నోరుందా?"

"అడిగినవాళ్ళకల్లా చెబుతోంది సార్!"

"అంటే ముందు దానికి ఎవరో చెప్పి ఉండాలి. ఆ ఎవరో ఎవరు?"

కంప్యూటరమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "నేనే సార్. రాసింది నేనే కదా."

"నిన్ననుమానించను. అయిదుసార్లు చెప్పినదానివి" అని ఆయన ఆమె ఫోను కూడా డబ్బాలో వేసి, డబ్బాను సొరుగులో పెట్టి తాళం వేశాడు. అయిదు నిమిషాలకు సొరుగులోంచి ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది.

"సార్, అది పళ్ళ డాక్టరు దగ్గర్నుంచే! పాస్‌వర్డు చెప్పడానికే!"

"అలా అనుకుని తీస్తావనే చేస్తున్నారు" అన్నాడు యజమాని, సొరుగు మీద మోచెయ్యి ఆనించి.

గోడౌను తలుపు లోపలినుంచి దబదబా మోగింది.

"విన్నావా? తప్పు బయటపడిందని కంగారు పడుతున్నాడు."

పదకొండున్నరకల్లా ఆఫీసు ఫోనుకు ఊపిరాడటం లేదు. మాస్టారితో నడిచే మిత్రులు తమ మిత్రులకు చెప్పారు. వాళ్ళు తమ వియ్యాలవారికి చెప్పారు. ఒకావిడ "ఇరవై ఒకటో నంబరు సోఫాలో పిల్లి ఈనిందని రాశారు, పిల్లల్ని కూడా కలిపి ఇస్తారా?" అని అడిగింది. ఒకాయన "ఆరో నంబరు అద్దంలో మనిషి లావుగా కనిపిస్తాడట, మా ఆవిడకి తెలియకుండా మార్పించడం కుదురుతుందా?" అన్నాడు. కంప్యూటరమ్మాయి అందరికీ "అవునండీ, కాదండీ, తెలియదండీ" అని జవాబు చెబుతూ, ఎదుటి గోడ మీద అయిదు గంటల వేళను చూస్తున్నట్టు చూపులు నిలిపింది. నాన్న ఈపాటికి పక్క వీధికి కూడా చెప్పేసి ఉంటాడు.

మళ్ళీ మాస్టారు.

"అమ్మా, విసిగిస్తున్నానేమో. 'తాళం' అని ఒక ఫైలుంది, నిన్నటి తేదీతో. తెరిస్తే ఏవో అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. మీకేమైనా పనికొస్తుందా?"

భద్రత కోసం మార్చిన పాస్‌వర్డును మరిచిపోకుండా బావమరిది రాసిపెట్టుకున్నాడు. అన్నీ ఒక్కచోటే ఉండాలన్న బావగారి పద్ధతి ప్రకారం ఆ అరలోనే పెట్టాడు.

"చదవండి మాస్టారూ, చదవండి!"

"ఇది మాత్రం నేను చూడకూడనిది కాదూ?"

"ఈ ఒక్కటీ చూడండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన ఒక్కొక్క అక్షరాన్నీ బోర్డు మీద రాస్తున్నట్టు రెండేసిసార్లు చదివారు. తాళం తెరుచుకుంది. ఆమె ఊపిరి పీల్చుకుని, మాస్టారిని లైన్లోనే ఉండమని రిసీవరు పక్కన పెట్టి, ఫోనుకున్న స్పీకరు నొక్కి, కన్నం మూసే పనికి పూనుకుంది. రెండు వరసలు రాసిందో లేదో, వీధి తలుపు గోడకు కొట్టుకుంది. అక్కగారు. చేతిలో ఒక కాగితం.

"ఒరేయ్ తమ్ముడూ, ఇది వినరా" అని ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "'ఇరవై మూడో నంబరు, భోజనాల బల్ల. మొత్తం టేకేనని అక్కగారు అంటున్నారు. చెదలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.' ఎవర్రా రాసింది?"

"బావమరిది!" అన్నాడు యజమాని. ఆ ఊపులోనే "ప్యాకింగాయన!" అని కూడా అన్నాడు. గోడౌను తలుపు దబదబలాడింది.

ఊరుకుంటే సరిపోయేది. ఆమె పేరు ఎత్తినవాళ్ళు లేరు, ఆమె వైపు వేలు చూపించినవాళ్ళు లేరు. కంప్యూటరమ్మాయి లేచి నిలబడింది.

"నేనే రాశానండీ."

"నా మొహం మీద చెప్పొచ్చుగా?"

"అడిగితే చెప్పేదాన్నండీ. మీరు బల్ల అమ్మిపెట్టమన్నారు గానీ, అది ఎలా ఉందని అడగలేదు."

అక్కగారు ఆమెను పైనుంచి కిందికి చూసింది. తర్వాత యజమాని బల్ల మీదున్న పర్మనెంటు కాగితాన్ని తీసి సగానికి మడిచింది. ఆ సగాన్ని మళ్ళీ సగం చేసింది. కంప్యూటరమ్మాయి కళ్ళముందు నాన్నా, వీధీ, సామాన్లు సర్దుకుని ఇల్లు మారడం గిర్రున తిరిగాయి. కనీసం లారీ కోసం వెతుక్కోనక్కర్లేదు.

"అక్కయ్యా!" అన్నాడు యజమాని. గొంతు మారిపోయింది. "నీ బల్ల పాట చూడు!"

తెర మీద ఇరవై మూడో నంబరు పాట ఎగబాకుతోంది. ఆ సంస్థలో ఏ బల్లా ఎన్నడూ ఎక్కని మెట్టు దాటి ఇంకా పైకి పోతోంది. బల్లే కాదు, గడియారమూ, పిల్లి సోఫా కూడా.

"ఇందులో వింతేముంది?" అన్నారు స్పీకరులోంచి మాస్టారు. "అదే కాగితం కింద రాసిందిగా, 'కాళ్ళు నాలుగూ చెద తిన్నవే, పై పలక మాత్రం అసలైన టేకు, గీత కూడా లేదు' అని. చెదల సంగతి దాచని మనిషి పలక సంగతి కల్పిస్తుందా? ఆ పలక కోసమే ఇద్దరు వడ్రంగులు కొట్టుకుంటున్నారు."

"టేకే అన్నానా లేదా?" అంది అక్కగారు. మడిచిన కాగితాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. పెన్ను అడిగి పుచ్చుకుని సంతకం చేసి, తమ్ముడి ముందుకు తోసింది.

యజమాని పెన్ను తీసుకున్నాడు గానీ కాగితం వైపు చూడలేదు. తెర వైపే చూస్తున్నాడు. "ఇన్నేళ్ళూ మొహం కాగితం ఎంత ముద్దుగా రాయించినా ఒక్కడు నమ్మలేదు. దొంగచాటుగా చదివేసరికి నమ్ముతున్నారు. అమ్మాయ్, ఆ కన్నం మూయకు."

"సార్, అందులో అందరి ఇళ్ళ అడ్రసులూ ఉన్నాయి. ఎవరు ఎంతదాకా పాడతారో ముందే రాసిచ్చిన అంకెలూ ఉన్నాయి."

"ఉంటే ఉండనీ."

"మనల్ని నమ్మి ఇచ్చినవి సార్."

"చూడమ్మా, సంతకం కావాలా, కన్నం మూయాలా? ఏదో ఒకటి తేల్చుకో."

పెన్ను కాగితానికి వేలెడు ఎత్తులో ఆగింది. కంప్యూటరమ్మాయి బల్ల మీద తడిమింది. నీళ్ళ గ్లాసు మళ్ళీ ఎక్కడో పోయింది.

"రెండూ కావాలి సార్. ఒకటే అంటే మాత్రం, మూస్తాను" అంది. కూర్చుని మిగిలిన వరసలు రాయడం మొదలుపెట్టి, తల ఎత్తకుండానే మరో ముక్క అంది. "ఆ అరలో మీ ఫైళ్ళు కూడా ఉన్నాయి సార్. 'అక్కయ్య' అని ఒకటుంది. నేను తెరవలేదు."

"నా పేరు మీద ఫైలేంట్రా?" అంది అక్కగారు.

"ఉందమ్మా" అన్నారు మాస్టారు స్పీకరులోంచి, గొంతు సవరించుకుంటూ. "చాలా పొడుగుంది. తారీఖుల వారీగా రాశారు. మొదటినుంచి చదవమంటారా?"

"మూసెయ్యమ్మా!" యజమాని సంతకం పెట్టేశాడు. తొందరలో రెండుచోట్ల పెట్టాడు. "మూసెయ్, ముందది మూసెయ్! మాస్టారూ, మీరు చదవకండి!"

ఆమె చివరి మీట నొక్కింది. "అరెరె, పోయిందే" అన్నారు మాస్టారు.

"అమ్మాయ్, ఆ ఫైలు నాకు చూపించు" అంది అక్కగారు.

"ఇప్పుడు ఎవరడిగినా 'మీరెవరు' అని అడుగుతుందండీ."

"నేనెవరో దానికి చెప్పు!"

"యజమానిగారు ఒప్పుకోవాలండీ."

అక్కగారు తమ్ముడి వైపు తిరిగి కుర్చీ దగ్గరగా లాక్కుంది. కంప్యూటరమ్మాయి కాగితాన్ని బ్యాగులో పెట్టుకుని, తాళంచెవి తీసుకుని, ప్యాకింగాయనను విడిపించడానికి వెళ్ళింది. ఆయన అప్పటికి గోడౌనులో ఉన్నవన్నీ చుట్టేసి, చివరికి తను కూర్చున్న స్టూలుకు గడ్డి చుడుతున్నాడు.

తర్వాతి వేలానికి ఆమె అక్కాతమ్ముళ్ళిద్దరినీ ఒప్పించి ఒక మార్పు చేసింది. ప్రతి మొహం కాగితం కిందా కడుపు కాగితాన్ని కూడా, పెద్ద అక్షరాల్లో, అందరికీ కనిపించేలా పెట్టింది. పది కొట్టింది. పాటలు పాత రోజుల్లోలాగే నీరసంగా మొదలయ్యాయి. పదింపావుకు మాస్టారు ఫోను చేశారు.

"ఇవి మాకు చూపించడానికి రాసినవి కదమ్మా. అసలువి ఎక్కడ పెట్టారు?"

అసలువి అవేనని ఆమె మూడుసార్లు చెప్పింది; ఆయన పెద్దమనిషి కనుక సరేనని ఫోను పెట్టేశారు.