రెండు మిషన్లూ ఒక గొయ్యీ

మెటల్ డిటెక్టర్ల గురించి లోకంలో ఒక పెద్ద అపోహ ఉంది. నాణెం ఎక్కడుందో చూపించే మిషను గొప్పదనీ, చూపించలేనిది పనికిమాలినదనీ అందరూ అనుకుంటారు. శుద్ధ తప్పు! జాన లోతులో నాణేన్ని చటుక్కున పట్టేసే మిషను వల్ల ఎవరికేం ఒరుగుతుంది? ఒక మనిషికి ఒక నాణెం. అదే, ఎంత తవ్వించినా ఏమీ చూపించని మిషను ఉందే, దాని వల్ల పల్లె పల్లెంతా బాగుపడుతుంది!

నమ్మకం కుదరలేదా? అయితే రూతమ్మ సంగతి వినండి.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కొండవీటి కొండల దిగువన ఒక ఊళ్లో జరిగిన ముచ్చట ఇది. రూతమ్మ ఆ ఊరి పక్కనున్న క్రైస్తవ పల్లెలో ఉండేది. పొలాల్లో కూలి చేసేది. ఆదివారం ప్రార్థనలో అందరికన్నా పై గొంతు ఆమెదే. ఆమెకున్న పెద్ద కష్టమల్లా నీళ్లు. పల్లెకు బావి లేదు. ఆడవాళ్లు ఊరి బావి దగ్గరికి వెళ్లి, చేద ముట్టుకోకుండా, కుండలు దూరంగా పెట్టుకుని నిలబడాలి. ఎవరికైనా దయ కలిగితే తోడి పోస్తారు. ఎండాకాలం వస్తే బావిలో నీళ్లకన్నా ముందు ఆ దయ ఎండిపోతుంది.

ఆ ఏడు కోడలు ప్రేమమ్మ చూలాలు. ఒకనాడు మధ్యాహ్నం బావి దగ్గర నిలబడి నిలబడి కళ్లు తిరిగి పడిపోయింది. కుండ పగిలింది. కడుపులో బిడ్డకేమీ కాలేదు గానీ, రూతమ్మకు మాత్రం ముద్ద దిగలేదు. కొంగు బిగించి తిన్నగా హనుమయ్య కొట్టుకు వెళ్లింది.

హనుమయ్య శెట్టికి బజార్లో కిరాణా కొట్టు ఉంది. అంతకన్నా ముఖ్యం, ఆయన పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు.

"పల్లె పక్కన బీడు ఖాళీగా పడుంది గదయ్యా. బావి మా మగాళ్లే తవ్వుకుంటారు. మీరు ఊఁ అంటే చాలు" అంది రూతమ్మ.

"అది పోరంబోకే! పారెడు మట్టి తియ్యాలన్నా శాంక్షను కావాల. పేట ఆఫీసు నించి ఓవర్సీరు రావాల. ఎస్టిమేటు వెయ్యాల. అప్పుడు గదా తవ్వేది!"

"మరి ఓవర్సీరు ఎప్పుడొస్తాడయ్యా?"

"నాకేం తెలుసే? ఆయన ఓవర్సీరు!"

హనుమయ్య చెడ్డవాడేం కాదు. రూల్సంటే ఆయనకు భక్తి, అంతే. ముఖ్యంగా ఎదుటివాళ్లు పాటించాల్సిన రూల్సంటే.

ఇలా ఉండగా ఊళ్లోకి విజ్ఞాన శాస్త్రం వచ్చింది. దాన్ని మోసుకొచ్చినవాడు అబ్దుల్ గఫార్. బర్మా సరిహద్దులో మిలిటరీలో పనిచేసి తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ మద్రాసులో, సైన్యం వదిలించుకునే సామాన్ల వేలంలో, మందుపాతరలు వెతికే మిషనొకటి కొనుక్కొచ్చాడు. కర్ర చివర పళ్లెం, వీపున బ్యాటరీ పెట్టె, చెవులకు రెండు డొప్పలు. పళ్లెం కింద ఇనుమో రాగో ఉంటే డొప్పల్లో కూత వినపడుతుంది. రాజులేలిన కొండ కింద నాణేలు ఉండకపోతాయా అని గఫార్ చేలగట్లన్నీ తిరిగాడు. వారానికల్లా బోలెడు మేకులూ, ఒక గుర్రపు నాడా, ఒక పాత రాగి నాణెం పైకి తీశాడు.

ఆ రాగి నాణెంతో హనుమయ్యకు మనశ్శాంతి పోయింది. ప్రెసిడెంటుకు లేని మిషను ఒక సిపాయికా? బెజవాడలో రేడియోలు బాగుచేసేవాడికి కబురు పెట్టి, ఇంకా పెద్ద పళ్లెంతో, రెండు మరలతో సొంతంగా మిషను చేయించాడు. ఇక ఊళ్లో పంటలూ లేవు, పెళ్లిళ్లూ లేవు! ఎక్కడ విన్నా ఒకటే మాట: ఎవరి మిషను ఎంత లోతు పడుతుంది?

తేల్చుకోవడానికి కొట్టు ముందు పందెం పెట్టారు. వెండి రూపాయిని జాన లోతున పూడ్చారు. రెండు మిషన్లూ కూశాయి. మూర లోతున పూడ్చారు. రెండూ నోరు మూసుకున్నాయి. జనం పెదవి విరిచారు.

గఫార్ డొప్పలు తీసి గంభీరంగా చెప్పాడు. "ఇది నిన్నా మొన్నటి రూపాయి. మట్టిలో నానలా. వందల ఏళ్లు నానిన నాణెమైతే నిలువు లోతున ఉన్నా పట్టిద్ది నా మిషను."

"నీది నిలువైతే నాది రెండు నిలువులు!" అన్నాడు హనుమయ్య, ఆలోచన లేకుండా.

ఖాళీ కుండతో ఊరి బావి నుంచి తిరిగి వస్తున్న రూతమ్మ అక్కడ ఆగింది. ఇద్దరి మొహాలూ చూసింది.

"నానిన నాణేలు కావాలంటే మా పల్లె పక్క బీట్లో చూడగూడదా అయ్యా?" అంది. "రాజులు దాచినా దాచి ఉంటారు."

మర్నాడే బీట్లోకి రెండు మిషన్లూ వచ్చాయి. ఒకచోట రెండూ ఒకేసారి కెవ్వుమన్నాయి. హనుమయ్య కూలి ఇచ్చి మరీ పల్లె మగాళ్లను తవ్వకానికి పెట్టాడు. రూతమ్మ కొడుకు యేసుపాదం మొదటి గునపం వేశాడు. జాన లోతున విరిగిన నాగలి కర్రు ఒకటి బయటపడింది.

"ఇది గుర్తుకు పెట్టింది. అసలు సొమ్ము దీని కింద ఉంది" అన్నాడు గఫార్.

"ఆ సంగతి నా మిషను పొద్దున్నే చెప్పింది" అన్నాడు హనుమయ్య.

ఇందులో ఉన్న శాస్త్రం గమనించారా? నాణేలు మూర లోతున దొరికితే అది మూర లోతు మిషను. ఛీ, ఎవడిక్కావాలి! నిలువు లోతున కూడా దొరక్కపోతే, అంతకన్నా కిందనున్నదాన్ని పైనుంచే పసిగట్టిన మహా మిషను! దొరకని కొద్దీ దాని ఘనత పెరుగుతుంది. అందుకే ఆ ఇద్దరిలో ఒక్కరైనా నాణేలు తొందరగా దొరకాలని కోరుకోలేదు. గోతిలోకి దింపిన ప్రతిసారీ గఫార్ మిషను అతని మిలిటరీ బూట్ల మేకులకు కూసేది. హనుమయ్య మిషను ఆయన నడుముకున్న వెండి మొలతాడుకు కూసేది. బూట్లు విప్పమని గానీ మొలతాడు తీయమని గానీ అడిగేవాళ్లెవరు?

మట్టి విరిగిపడకుండా గొయ్యి వెడల్పు చేయించాడు గఫార్. కందకాలు తవ్విన చెయ్యి కదా, దిగడానికి మెట్లు కూడా కోయించాడు. నిలువు లోతు దాటాక రాయి తగిలింది. గఫార్ చెమట తుడుచుకుని, "చాలు శెట్టిగారూ, వదిలేద్దాం" అన్నాడు.

రూతమ్మ మట్టితట్ట దించి, నింపాదిగా అడిగింది. "నీ మిషను ఇంతేనా గఫారు బాబూ? శెట్టిగారిది ఇంకా చానా కిందికి పోద్దంట గదా?"

"ఎవరన్నారు రూతమ్మక్కా? నాది మూడు నిలువులు!"

"అయితే నాది నాలుగు!" అని హనుమయ్య మాచర్ల వైపు నుంచి రాళ్లు కొట్టేవాళ్లను పిలిపించాడు.

రాయి పగిలిన కొన్నాళ్లకు మట్టి రంగు మారింది. ఒక ఉదయం యేసుపాదం గునపం దించి పైకి లాగేసరికి ఆ కన్నంలోంచి చల్లగా ఊట ఉబికింది. చూస్తుండగానే పాదాలు మునిగాయి.

"అమ్మా! నీళ్లే!"

పల్లెంతా పరుగెత్తుకొచ్చింది. రూతమ్మ మెట్లు దిగింది. దోసిట్లో ఆ బురదనీళ్లే పట్టుకుని తాగింది. ఆమె ఏడవడం కొడుకు అంతకు ముందెప్పుడూ చూడలేదు.

గఫార్ తన మిషను తడవకుండా నెత్తికెత్తుకున్నాడు. హనుమయ్య గట్టు మీద నిలబడి నీళ్లకేసి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయనకు రూల్సు గుర్తొచ్చాయి. పోరంబోకు. శాంక్షను లేదు. పైగా తవ్వించింది ప్రెసిడెంటే!

"పూడ్చెయ్యండి!" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. యేసుపాదం గునపం వదల్లేదు. అతని చూపు చూసి ప్రేమమ్మ భయపడింది. రూతమ్మ కొడుకు భుజం మీద చెయ్యేసి పైకి చూసింది.

"పూడుస్తామయ్యా. మరి ఊళ్లో అడిగితే ఏం చెప్పమంటారు? శెట్టిగారి మిషను అబద్ధమాడిందని చెప్పమంటారా?"

గఫార్ ఒకసారి ఆమె వైపు చూశాడు. గట్టున ఖాళీ కుండలతో నిలబడిన ఆడవాళ్ల వైపూ చూశాడు. తర్వాత డొప్పలు చెవులకు తగిలించుకుని, బూటు దగ్గరగా పళ్లెం పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు.

"నా మిషను మాత్రం సొమ్ము అడుగునే ఉందంటాంది. పూడ్చుకోండి శెట్టిగారూ! మీరు ఓడిపోయినట్టు లెక్క."

"ఓడిపోయింది ఎవడ్రా?" హనుమయ్య గంతేసినంత పని చేశాడు. "పూడ్చొద్దు! నాణేలు ఈ నీళ్ల కిందే ఉండయ్యి. తోడండి! పొద్దునా సాయంత్రం తోడండి, అడుగు కనపడిందాకా!"

"మీరెట్టా చెబితే అట్టాగేనయ్యా" అంది రూతమ్మ.

కాబట్టి పాఠకులారా, మీ ఊరికి బావి కావాలంటే నీళ్లున్నాయని అర్జీ పెట్టకండి. నీళ్లంటే శాంక్షను కావాలి, ఓవర్సీరు రావాలి, ఎస్టిమేటు వెయ్యాలి. నాణేలున్నాయని ఒక్క మాట అనండి, పారలు వాటంతటవే వస్తాయి! బడి కావాలన్నా, రోడ్డు కావాలన్నా ఇదే ఉపాయం. మనిషి దాహం ఏ మిషనుకూ వినపడదు మరి. దానికి కూత లేదు.

ప్రేమమ్మ ఆ వారంలోనే ఆడపిల్లను కన్నది. రూతమ్మ తన మనవరాలికి ఒంటినిండా నీళ్లు పోసి స్నానం చేయించింది, ఎవరినీ అడగకుండా.

హనుమయ్య సంతకు వెళ్లేటప్పుడల్లా ఆ గట్టు మీద ఆగుతాడు.

"అడుగు కనపడిందా రూతమ్మా?"

"ఇంకా లేదయ్యా" అంటుంది ఆమె, నిండు కుండ చంకకెత్తుకుంటూ. "పల్లె పల్లెంతా తోడతానే ఉన్నాం."