మంత్రిగారి ఒంటిచక్రం

ఇకపై తాను కారు ముట్టుకోనని, ఎలక్ట్రిక్ యూనిసైకిల్ మీద నిలబడి ఆఫీసుకు వస్తానని నగర రవాణా మంత్రిగారు సోమవారం నాడు ప్రకటించారు. ఆ ప్రకటన చేయడానికి ఆరు కార్లలో వచ్చారు.

"ప్రజలు ట్రాఫిక్‌లో నలిగిపోతుంటే నేను ఏసీ కారులో కూర్చోలేను. ఇక నిలబడతాను" అన్నారాయన. విలేకరులు శ్రద్ధగా రాసుకున్నారు. రాజకీయాల్లో చక్రం తిప్పినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ చక్రం ఎక్కబోతున్నది ఈయనొక్కరేనని మర్నాడు ఒక పత్రిక మెచ్చుకుంది.

అది చదివి నా కళ్లు చెమర్చాయి. ఆయన శాఖలోనే, రెండో అంతస్తులో, వచ్చిన ఉత్తరాలకు నంబర్లు వేసే గుమాస్తాను నేను. ఏడాదిగా ఒంటిచక్రం మీదే ఆఫీసుకు వస్తున్నాను. చూడనివాళ్ల కోసం చెప్తాను: దానికి సీటు లేదు, హ్యాండిల్ లేదు. మధ్యలో చక్రం, రెండు పక్కలా పాదాలు పెట్టుకోవడానికి చెరో పలక. ముందుకు వంగితే పోతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. ఇంతకు మించి దాని గురించి తెలుసుకోవాల్సింది నేలకు తెలుస్తుంది, మన మోకాళ్లకు తెలుస్తుంది.

నాది సెకండ్ హ్యాండ్ బండి. గంటకు పాతిక దాటదు. మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు, నైట్ డ్యూటీ ముగించుకుని పొద్దున తొమ్మిదీ ఇరవై ఐదుకు ఇంటికొస్తుంది. నాలుగేళ్ల పాపను ఆవిడకు అప్పగించి నేను బయల్దేరాలి. ఆఫీసు పద్నాలుగు కిలోమీటర్లు, నా చక్రం మీద నలభై రెండు నిమిషాలు. అంటే రోజూ పదీ ఏడుకు చేరతాను. మా సూపరింటెండెంట్ సరిగ్గా పదింటికి హాజరు పట్టీ చంకన పెట్టుకుని వెళ్లిపోతాడు. ఇంకొక్క మెమో వస్తే ఊరి అవతలి డిపోకు బదిలీ తప్పదని చెప్పేశాడు. అక్కడ పని ఏడింటికే మొదలు. అప్పుడు పాప దగ్గర ఎవరుండాలి? మా ఆవిడ ఉద్యోగం మానుకోవాలి. కాబట్టి నాకు కావలసింది పెద్ద ఆదర్శాలేమీ కాదు, ఏడు నిమిషాలు. ఆరు నెలలుగా వేగంగా పోయే చక్రాల వివరాలన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను.

మంగళవారం మంత్రిగారి పీఏ నన్ను పిలిపించారు.

"ఈ బిల్డింగులో ఆ బండి ఎక్కడం వచ్చినవాడివి నువ్వొక్కడివేనట. ఎంపిక కమిటీకి నిపుణుడివి నువ్వే. మంచి స్పీడున్నది చూసి చెప్పు. ఫొటోలయ్యాక సార్ ఎలాగూ కారెక్కుతారు. ఆ బండి నీకే ఇప్పిస్తాను."

ఇంత దూరదృష్టి ఉన్న అధికారిని నేను చూడలేదు. నోట్‌బుక్కు పట్టుకుని పరుగెత్తాను.

కమిటీలో ఐదుగురు పెద్దలున్నారు. ఐదుగురూ సొంత కాళ్ల మీద నిలబడి చాలాకాలమైందని వాళ్ల కుర్చీలు చూస్తేనే తెలుస్తుంది. మొదటాయన స్టెప్నీ ఎక్కడ పెడతారని అడిగారు. రెండో ఆయన, ఒక్క చక్రమే ఉన్నప్పుడు మిగతా చక్రాలకు ఎవరు బాధ్యులని నిలదీశారు. పీఏ ఎక్కడ కూర్చుంటారన్నది మూడో ఆయన సందేహం. నాకు తెలిసింది నేను చెప్పాను. రోజూ నలభైలో పోవాలంటే అరవై పోగల బండి కొనుక్కోవాలి. మనం వాడకుండా మిగిల్చిన శక్తితోనే మోటారు మనల్ని నిలబెడుతుంది. ఆ శక్తి అయిపోవస్తే బండి ముందు కూత పెడుతుంది, తర్వాత పలకలను వెనక్కి వాలుస్తుంది, అప్పటికీ వినకపోతే మనల్ని పడేస్తుంది. గుంతల రోడ్డుకు పెద్ద టైరు కావాలి. అంతకన్నా ముఖ్యం, అది ఎంత దూరంలో ఆగుతుందో చూసుకోవాలి.

ఛైర్మన్‌గారు అంతా కళ్లు మూసుకుని విని, చివర్న కళ్లు తెరిచారు.

"ప్రతిపక్ష నాయకుడి కారు ఎంత స్పీడు పోతుంది?"

"నూట అరవై పోతుందేమోనండి."

"అయితే మనది నూట అరవై ఒకటి ఉండాలి."

అంత వేగం పోయే ఒంటిచక్రం ఎవరూ చేయడం లేదని చెప్పడానికి నాకు రెండు సమావేశాలు పట్టాయి. చివరికి అరవై ఐదు పోయేదానికి ఒప్పుకున్నారు. అది నా నోట్‌బుక్కులో మూడో పేజీలో, చుట్టూ గీత గీసి పెట్టుకున్న బండే. ఆ సాయంత్రం మా ఆవిడకు చెప్తే, సంతోషం పట్టలేక నోట్‌బుక్కు లాక్కుని ఆ పేజీ తనూ చదివింది. కమిటీ చేసిన మార్పు ఒక్కటే. మంత్రిగారు పోతుంటే బండి కూత పెట్టడం ఎదురు మాట్లాడినట్టు ఉంటుందని ఆ కూత తీయించేశారు.

తర్ఫీదు మంత్రిగారి బంగళా ఆవరణలో మొదలైంది. ఆయన చక్రం ఎక్కి నిలబడ్డారు. కుడిపక్క ఇద్దరు, ఎడంపక్క ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు మోచేతులు పట్టుకున్నారు. చక్రం మాత్రం కదల్లేదు.

"కొంచెం ముందుకు వంగాలి సార్" అన్నాను.

పీఏ నన్ను పక్కకు లాగి, సార్‌ని వంగమని చెప్పే ధైర్యం ఎలా వచ్చిందని అడిగారు. మంత్రిగారు మాత్రం పెద్దమనసుతో ఉన్న సంగతి చెప్పారు.

"అలవాటు లేదయ్యా. ముప్పై ఏళ్లలో నేను వంగింది ఒక్కరి ముందే."

పీఏ క్షణం ఆలోచించలేదు. లోపలికి వెళ్లి పార్టీ అధ్యక్షులవారి నిలువెత్తు ఫొటో తెప్పించి, ఇరవై అడుగుల దూరంలో కుర్చీ మీద పెట్టించారు. ఫొటో కంటపడగానే మంత్రిగారి నడుం దానంతటదే వంగింది. చక్రం బాణంలా దూసుకుపోయింది. సెక్యూరిటీ వాళ్లలో ఇద్దరు వెంట పరుగెత్తారు, ఇద్దరు కింద పడ్డారు. ఇక ఆపడమెలా అని నేను హడలిపోతుంటే, గేటు దగ్గర అర్జీలు పట్టుకుని నిల్చున్న జనాన్ని పీఏ లోపలికి వదిలారు. అర్జీలు కనబడగానే మంత్రిగారు చటుక్కున వెనక్కి వాలారు. చక్రం ఆగడమే కాదు, నాలుగడుగులు వెనక్కి కూడా వెళ్లింది. ఇంత సహజమైన రైడర్ నాకు ఇంతవరకూ తారసపడలేదు.

ఫొటోను జీపులో పెట్టి ముందు నడిపిస్తే చాలు, ఎంత దూరమైనా వస్తానన్నారాయన. అయితే పీఏ అన్నీ ఆలోచించే మనిషి. మంత్రిగారు నడిరోడ్డు మీద అధ్యక్షులవారి వెంటపడుతున్నారని, అది కుర్చీ కోసమేనని ఎవరైనా పైకి మోస్తే కొంప మునుగుతుందని గుర్తుచేశారు. తర్వాత నన్ను నఖశిఖపర్యంతం చూశారు. నా ఎత్తూ మంత్రిగారి ఎత్తూ ఒకటే. నల్లద్దం హెల్మెట్ పెట్టుకుంటే ముఖాలతో పనిలేదు.

ఇక రూటు. మంత్రిగారి బంగళాకూ ఆఫీసుకూ మధ్య ఒక్క గోడ. అందులో ఒక తలుపు కూడా ఉంది. అది ప్రయాణం అనిపించుకోదు కాబట్టి సామాన్యుడి ఇంటి నుంచి బయల్దేరాలన్నారు. సామాన్యుడు ఎక్కడ దొరుకుతాడని పీఏ అందర్నీ అడిగి, చివరికి నావైపే తిరిగారు.

అలా మూడు వారాల తర్వాత ఒక బుధవారం పొద్దున్న మంత్రిగారు మా ఇంటికి వచ్చారు. మాకున్న ఒక్క మంచి కుర్చీలో కూర్చుని పాపను ఒళ్లో పెట్టుకున్నారు. ఫొటోలు తీశారు.

"నువ్వు ఆ బండి ఎక్కవా?" అంది పాప.

"పెద్దయ్యాక ఎక్కుతాను తల్లీ" అన్నారాయన.

తొమ్మిదీ ఇరవైకి మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మం నిండా చెప్పులు చూసి ఆగిపోయింది. "వీళ్లంతా ఎంతసేపుంటారండీ? నేను పడుకోవాలి" అని నా చెవిలో అడిగింది. ఇంకో ఐదు నిమిషాలేనని, ఆ తర్వాత మన కష్టాలు తీరిపోయినట్టేనని చెప్పాను.

మంత్రిగారు కెమెరాల ముందు కోటు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఫోన్ మర్చిపోయానని లోపలికొచ్చారు. ఆ కోటు, ఆ హెల్మెట్‌తో బయటికి వెళ్లింది నేను. ఆయన వెనకవాకిలి నుంచి కారెక్కారు.

నిజం చెప్తున్నాను, ఆ ఇరవై నాలుగు నిమిషాలూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. దారి పొడవునా బండ్లన్నీ ఆపేశారు. సిగ్నళ్లన్నీ పచ్చగా ఉన్నాయి. కూత లేదు కాబట్టి భయపడి నలభై దాటించలేదు, అయినా చక్రం గుంతల్ని గుంతలనుకోలేదు. జనం చేతులూపితే నేనూ ఊపాను. పాప ఆస్పత్రి పక్క బడిలో చేరినట్టు, నేను పదికి పది నిమిషాల ముందే సంతకం పెట్టి మంచినీళ్లు తాగుతున్నట్టు, మా ఆవిడ పగలంతా నిశ్చింతగా నిద్రపోతున్నట్టు ఊహించుకుంటూ వచ్చాను. పోర్టికోలో దిగేసరికి తొమ్మిదీ నలభై తొమ్మిది. విలేకరులు చప్పట్లు కొట్టారు.

హెల్మెట్ తీయకుండా లిఫ్టులో పైకెళ్లాను. పీఏ నన్ను మంత్రిగారి బాత్‌రూమ్‌లోకి తోసి బయట గడియ పెట్టారు. మంత్రిగారు రాగానే తీస్తామన్నారు. అయితే చక్రం కోసం రోడ్లు మూసేసరికి ఊళ్లో కార్లన్నీ ఎక్కడివక్కడ ఇరుక్కుపోయాయి. వాటిలో మంత్రిగారి కారు కూడా ఉంది. పదికి ఐదు నిమిషాలున్నప్పుడు తలుపు కొట్టాను. పదికి మళ్లీ కొట్టాను. కింద ఇంతమంది విలేకరులుండగా ఆ చప్పుడేమిటని పీఏ తలుపు అవతల నుంచి మెల్లగా మందలించారు. పదీ ఐదుకు మంత్రిగారు వెనక గేటు గుండా వచ్చారు. కోటు విప్పి ఇచ్చేసి, మెట్ల మీద దొర్లుకుంటూ రెండో అంతస్తుకు చేరాను. పదీ ఏడు. సూపరింటెండెంట్ చంకలో పట్టీ ఉంది.

కింద మంత్రిగారు చెదిరిన జుట్టుతో మాట్లాడుతున్నారు. జుట్టు చెదిరేలా చేసింది పీఏ.

"సామాన్యుడి గడప నుంచి ఇరవై నాలుగు నిమిషాల్లో వచ్చాను. ఇక ఈ శాఖలో ఆలస్యానికి సాకులు చెల్లవు."

చక్రాన్ని ఆ మధ్యాహ్నమే గ్రౌండ్ ఫ్లోర్‌లో గాజు పెట్టెలో పెట్టారు. బయల్దేరిన టైము, చేరిన టైము ఇత్తడి రేకు మీద చెక్కించారు. నాకిస్తానన్న సంగతి పీఏకి గుర్తుచేశాను.

"పిచ్చివాడా, అది సార్ ఎక్కిన బండి. దాన్ని నువ్వెక్కుతావా?" అన్నారాయన, నా మీద కోపం లేకుండానే.

సాయంత్రం మెమో వచ్చింది. గౌరవ మంత్రివర్యులు మీ ఇంటి నుంచే బయల్దేరి తొమ్మిదీ నలభై తొమ్మిదికి కార్యాలయానికి చేరగా, అదే ఇంట్లో ఉన్న మీరు పదీ ఏడుకు రావడానికి కారణం తెలపాలని అందులో ఉంది. ఆయన వేగాన్ని అందుకోలేకపోయానని రాసిచ్చాను. సూపరింటెండెంట్ చదివి, కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"దార్లో ట్రాఫిక్ ఏమైనా తగిలిందా?"

"లేదు సార్. రోడ్డంతా ఖాళీ."

"ఖాళీ రోడ్డు మీద కూడా ఆలస్యమే" అంటూ ఎర్రసిరాతో రాసుకున్నాడు.

శుక్రవారం నాడు బదిలీ ఉత్తర్వు మా విభాగానికి వచ్చింది. వచ్చిన కాగితాలకు నంబర్లు వేయాల్సింది నేనే కాబట్టి, దానికీ వేశాను.