గోడలు కలవని విల్లా

"ఇకనుంచి ఈ తీరంలో అక్రమ కట్టడం అన్న మాటే వినపడదు. మనిషి అబద్ధమాడతాడు, కంప్యూటర్ ఆడదు. అది చెప్పిందే చట్టం!" అని నిర్మాణ శాఖ మంత్రి వుకొతా గారు అడ్రియాటిక్ సముద్రం సాక్షిగా ప్రకటించారు. సముద్రం అభ్యంతరం చెప్పలేదు.

తీరంలోని భవనాల ప్లానులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మునిసిపల్ ఆర్కిటెక్ట్ దానిత్సా మీద పడింది. ఎక్కించి చూస్తే నీళ్ల అంచున, కట్టకూడని చోట మంత్రిగారు కట్టుకున్న మూడంతస్తుల విల్లాకు వైశాల్యం సున్నా అని వచ్చింది. దాని వెనకాలే ఉన్న శిశువిహారానికీ సున్నాయే.

ఆమె విల్లాకు పరుగెత్తింది.

"దేశం మొత్తానికీ కొలతలు ఒకే సున్నా బిందువు నుంచి మొదలవుతాయి మంత్రిగారూ. మన ఊరు దానికి మరీ దూరం. అంత పొడుగు అంకెలు పట్టక సాఫ్ట్‌వేర్ చివరివి మింగేస్తోంది. దాంతో గోడకీ గోడకీ మధ్య వెంట్రుకవాసి సందు వస్తోంది. సందుంటే అది గదే కాదంటోంది. ఈ ప్లానులున్న షీటు మొత్తాన్ని సున్నా దగ్గరికి జరిపితే సరి. పూట పని."

మంత్రిగారు కాఫీ కప్పు దించారు. "అంటే నాకు విల్లా లేదన్నమాట."

"ఉందండీ. మీరు కూర్చున్నది అందులోనే."

"కంప్యూటర్ లేదంటోంది కదమ్మా. దానికంటే నీకెక్కువ తెలుసా?"

ఆయన వినయం అలాంటిది. సొంతింటి విషయంలో కూడా యంత్రానికి ఎదురు చెప్పలేదు. ప్లానుల మీద ఎవరూ చెయ్యి వెయ్యరాదని ఉత్తర్వు వేశారు. వైశాల్యం లేని చోట పిల్లలు పట్టరు గనక శిశువిహారానికి తాళం పడింది.

మర్నాడు పంతులమ్మ లూబిత్సా పిల్లలందరినీ వెంటేసుకుని దానిత్సా ఆఫీసులో దిగింది.

"ఏమే, నా బడికి గోడల్లేవా? మొన్నేగా వీళ్లు వాటినిండా పిచ్చిగీతలు గీసింది!"

"రెండూ ఒకే షీటులో ఉన్నాయి లూబిత్సా. నీది బాగుచేస్తే ఆయనదీ బాగవుతుంది. నా ఉద్యోగం ఊడుతుంది."

"అయితే వీళ్లని ఇక్కడే పడుకోబెడతా."

అన్నంత పనీ చేసింది. మధ్యాహ్నానికి బల్లల కింద, బీరువాల మధ్య పసివాళ్లు నిద్రపోయారు. దానిత్సా వాళ్లను తొక్కకుండా కంప్యూటర్ దాకా వెళ్లింది. తీరం ప్లాను తెరిచింది. తర్వాత షీటును జరిపేసింది. గోడలు కలిశాయి. శిశువిహారం బయటపడింది. విల్లా కూడా, ఈతకొలనుతో సహా.

సాయంత్రానికల్లా ప్రతిపక్షం ఒక బుల్డోజర్‌ను వెంటబెట్టుకుని విల్లా గేటు ముందు చేరింది. దానిత్సా తన సామాను సర్దుకుంది.

కానీ మంత్రిగారు చిరునవ్వుతో బయటికొచ్చారు. "తీరంలో ప్రజోపయోగ భవనాలు ఉండొచ్చని చట్టమే చెబుతోంది. ఈ విల్లాను నేటినుంచి శిశువిహారంగా చిన్నారులకు అంకితం చేస్తున్నాను!" అన్నారు. విలేకరులు కళ్లు తుడుచుకున్నారు. ఒక ఊరికి రెండు శిశువిహారాలు దండగ కాబట్టి పాతదాన్ని ఆ బుల్డోజర్‌తోనే పడగొట్టించి కార్లు పెట్టుకోవడానికి చదును చేయించారు. ఖచ్చితత్వానికిగాను దానిత్సాకు పతకం ఇచ్చారు. పిల్లల పేర్లన్నీ ఆమె చేతే కొత్త చిరునామాకు ఎక్కించారు.

సోమవారం పొద్దున లూబిత్సా, దానిత్సా పిల్లల్ని తీసుకుని విల్లాకు వెళ్లారు. లోపల్నుంచి కాల్చిన చేపల వాసన, కొలనులో దూకిన చప్పుడు, పెద్దవాళ్ల నవ్వులు వస్తున్నాయి.

"ఎవరు వీళ్లు?" అన్నాడు కాపలాదారు.

"ఈ శిశువిహారం పిల్లలు," అంది లూబిత్సా.

అతను తన గదిలోని కంప్యూటర్ చూసుకొచ్చి జాలిగా తలాడించాడు.

"కుదరదమ్మా. పిల్లలంతా లోపలే ఉన్నారు."